ఆర్గాన్ 8+ మోతాదు లెక్క ఎందుకు తప్పింది: లోహతలం వదిలిపోయే ఎలక్ట్రాన్లపై ఒక కేస్ స్టడీ

అల్యూమినియం బిళ్లల్లోకి ఆర్గాన్ అయాన్లను చొప్పించి, లోహం లోపల వాయు బుడగలు ఏ మోతాదు దగ్గర మొదలవుతాయో చూడడం తిరుపతిలో మా ప్రయోగశాలలో పనిచేస్తున్న ఒక పరిశోధక విద్యార్థిని అంశం. అయాన్ పుంజం మా దగ్గర లేదు. వేరే నగరంలో ఉన్న ఈసీఆర్ అయాన్ మూలం (సూక్ష్మ తరంగాలు, అయస్కాంత క్షేత్రం కలిపి వాయువును అయాన్లుగా మార్చే యంత్రం) దగ్గర సమయం అడిగి తీసుకుని, ఇక్కడ తయారు చేసుకున్న వాక్యూమ్ గదిని, నమూనాలు బిగించే పళ్లేన్ని రైల్లో తీసుకువెళ్లి, అక్కడి పుంజనాళానికి కలిపి పని చేసుకుని వస్తాం. ఆ విడతలో ఆమె ఎంచుకున్నది ఆర్గాన్ 8+, అంటే ఎనిమిది ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆర్గాన్ అయాన్. మూలం వద్ద 10 కిలోవోల్టుల వేగవర్ధక వోల్టేజీ ఉంటే ఎనిమిది ఆవేశాలున్న అయాన్‌కు 80 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వస్తుంది కాబట్టి, తక్కువ వోల్టేజీతో ఎక్కువ లోతుకు పంపడానికి అదే సులువైన దారి.

లక్ష్యం చదరపు సెంటీమీటరుకు 10¹⁵ అయాన్లు. ఒక్కో అయాన్ ఎనిమిది ఆవేశాలు మోసుకొస్తుంది కనుక ఆ మోతాదుకు చదరపు సెంటీమీటరుకు 1.28 మిల్లీకూలుంబుల ఆవేశం చేరాలి. పళ్లేనికి కలిపిన ఎలక్ట్రోమీటరు (అతి చిన్న విద్యుత్తును, ఆవేశాన్ని కొలిచే మీటరు) ఆ అంకె చూపగానే పుంజం ఆపేశారు. తిరిగి వచ్చాక చూస్తే ఆ బిళ్లల్లో బుడగలు కనిపించలేదు. తేలికైన అయాన్లను పంపి, వెనక్కి చిమ్మేవాటి శక్తిని బట్టి లోపలి మూలకాలను లెక్కించే రూథర్‌ఫర్డ్ బ్యాక్ స్కాటరింగ్ పరీక్షకు వాటిని పంపితే, అల్యూమినియం కంటే బరువైన ఆర్గాన్, ఆ శక్తి గీతలో అల్యూమినియం ముగిసే అంచుకు పైన విడిగా శిఖరంలా కనిపించింది. ఆ శిఖరం వైశాల్యాన్ని బట్టి లోపలికి చేరిన ఆర్గాన్ లెక్కగట్టిన దానిలో సగానికంటే కొంచెం తక్కువే ఉంది. బుడగలు కనిపించకపోవడానికి కారణం లోహంలో ఉందా, మోతాదులో ఉందా అన్నది తేలకుండా ముందుకు పోవడానికి వీల్లేదు. అందుకే ఈ కేసును వరుసగా రాసి పెడుతున్నాను.

మొదట తేడా ఏ దిక్కున ఉందో చూడాలి. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా మీటరును అనుమానిస్తారు. పుంజనాళంలో మిగిలి ఉన్న వాయువును తాకి కొన్ని అయాన్లు దారిలోనే ఎలక్ట్రాన్లను పట్టుకుని ఆవేశాన్ని పోగొట్టుకుంటే, అవి బిళ్లలోకి దిగుతాయి గాని మీటరులో కనబడవు. అప్పుడు బిళ్లలో ఆర్గాన్ లెక్కకంటే ఎక్కువ ఉండాలి. ఇక్కడ తక్కువ ఉంది. తలం నుంచి వెనక్కి ఎగిరిపోయే అయాన్ల వాటా ఈ శక్తి దగ్గర చాలా స్వల్పం. పడుతున్న అయాన్లు లోహాన్ని చెక్కేసి, ముందు దిగిన ఆర్గాన్‌ను బయటపడేసేంత మోతాదు కూడా ఇది కాదు.

పుంజంలో పరాయి అయాన్లు కలిశాయా అన్న ప్రశ్నకు జవాబు ద్రవ్యరాశిని ఆవేశంతో భాగిస్తే దొరుకుతుంది, ఎందుకంటే ఎంపిక చేసే అయస్కాంతానికి తెలిసింది ఆ నిష్పత్తి ఒక్కటే. ఆర్గాన్ 8+ నిష్పత్తి 5. మూలంలో నియాన్ వాడకపోతే ఆ చోటికి వచ్చే వేరే అయాన్ సాధారణంగా ఉండదు. అదే ఆర్గాన్ 5+ అయితే నిష్పత్తి 8, గది గోడల మీది నీటి ఆవిరి నుంచి వచ్చే ఆక్సిజన్ 2+ నిష్పత్తీ 8. ఆర్గాన్ 10+ ఇంకా ఇబ్బంది: హీలియం 1+, కార్బన్ 3+, ఆక్సిజన్ 4+ అన్నీ దానితోపాటు 4 దగ్గరే కూర్చుంటాయి. ఈ విద్యార్థిని ఎంచుకున్న ఆవేశస్థితి అదృష్టవశాత్తూ శుభ్రమైనది.

మిగిలింది ఎలక్ట్రాన్లు. పళ్లెం మీద ధనావేశ అయాన్ పడితే మీటరు ఆ ఆవేశాన్ని చూపుతుంది; అదే సమయంలో పళ్లెం నుంచి ఒక ఎలక్ట్రాన్ బయటికి పోతే, ఇంకో ధనావేశం వచ్చినట్టే చూపుతుంది. మీటరుకు ఈ రెంటికీ భేదం తెలియదు. ఒక్కో అయాన్‌కు సగటున పోయే ఎలక్ట్రాన్ల సంఖ్యను గామా అనుకుంటే, చూపే విద్యుత్తు అసలు విద్యుత్తుకు (1 + గామా/ఆవేశం) రెట్లు ఉంటుంది. మా బిళ్లల్లో కనిపించిన తేడాను ఈ సూత్రంలో పెట్టి వెనక్కి లెక్కిస్తే, ఒక్కో ఆర్గాన్ 8+ అయాన్‌కు దాదాపు తొమ్మిది ఎలక్ట్రాన్లు పోయి ఉండాలి.

తొమ్మిది అనేసరికి మా వాళ్లు నమ్మలేదు. అందుకు కారణం ఉంది. ఆ పళ్లెం ఏకావేశ ఆర్గాన్‌తో పని చేసిన రోజుల్లో తయారైంది. దానికి ఎలక్ట్రాన్లను వెనక్కి తిప్పే సప్రెసర్ వలయం లేదు. చూపిన విద్యుత్తు నుంచి ఒక స్థిరమైన శాతం తగ్గించి లెక్క వేసే అలవాటు పుస్తకంలో అలా కొనసాగింది. ఏకావేశ అయాన్ల పరంగా అది పూర్తిగా తోసిపుచ్చదగ్గ పద్ధతి కాదు. బహుళావేశ అయాన్ల విషయంలో ఎందుకు కూలిపోతుందో అర్థం కావాలంటే తలం దగ్గర ఏం జరుగుతుందో కొంచెం నిదానంగా చూడాలి.

తలం ముందర, తలం కింద

అయాన్ వల్ల లోహం ఎలక్ట్రాన్లను వదలడానికి రెండు దారులున్నాయి. ఒకటి గతిజ ఉద్గారం: వేగంగా వచ్చిన అయాన్ తన గతిజ శక్తిలో కొంత లోహపు ఎలక్ట్రాన్లకు ఇచ్చి వాటిని బయటికి తోస్తుంది. దీనికి ఒక ఆరంభ వేగం ఉంటుంది. శుభ్రమైన లోహాలకు అది సెకనుకు 10⁵ మీటర్ల స్థాయిలో ఉంటుంది. రెండోది స్థితిజ ఉద్గారం: ఎలక్ట్రాన్లు కోల్పోయిన అయాన్‌లో దాగి ఉన్న శక్తే, అంటే ఆ ఎలక్ట్రాన్లను ఊడదీయడానికి మూలంలో మనం ఖర్చుపెట్టిన శక్తే, తలం దగ్గర తిరిగి వెలువడుతుంది. దీనికి వేగంతో పని లేదు. అయాన్ నెమ్మదిగా వచ్చినా ఇది జరుగుతుంది. నిజానికి నెమ్మదిగా వచ్చినప్పుడే ఎక్కువ సమయం దొరికి బాగా జరుగుతుంది.

ఏకావేశ అయాన్లకు ఈ రెండో దారిని 1954లో బెల్ ప్రయోగశాలల్లో హోమర్ హాగ్‌స్ట్రమ్ సిద్ధాంతపరంగా స్పష్టం చేశారు. లోహంలోని ఒక ఎలక్ట్రాన్ అయాన్‌లోని ఖాళీని నింపుతుంది, అలా విడుదలైన శక్తిని ఇంకో ఎలక్ట్రాన్ అందుకుని బయటికి వస్తుంది. దీన్నే ఓజే ప్రక్రియ అంటాం. రెండు ఎలక్ట్రాన్లు లోహం పట్టు నుంచి విడివడాలి కాబట్టి అయాన్ శక్తి లోహపు పని ప్రమేయానికి, అంటే ఒక ఎలక్ట్రాన్‌ను లోహం నుంచి బయటికి తేవడానికి కావాల్సిన కనీస శక్తికి, రెండింతలకంటే ఎక్కువ ఉండాలి. ఆర్గాన్ 1+ శక్తి 15.76 ఎలక్ట్రాన్ వోల్టులు. బంగారం పని ప్రమేయం సుమారు 5.1, రెండింతలు 10.2. మిగిలేది కొద్దిపాటి శక్తే, అందుకే శుభ్రమైన లోహం మీద పది ఆర్గాన్ అయాన్లకు ఒక ఎలక్ట్రాన్ వచ్చే స్థాయిలోనే ఉద్గారం ఉంటుంది. శాతం తగ్గించే పాత అలవాటు ఈ లోకానికి చెందింది.

ఇప్పుడు ఆర్గాన్ 8+ సంగతి చూద్దాం. వరుసగా ఎనిమిది ఎలక్ట్రాన్ల అయనీకరణ శక్తులు కూడితే 578 ఎలక్ట్రాన్ వోల్టులు వస్తాయి. తొమ్మిదో ఎలక్ట్రాన్ లోపలి ఎల్ కర్పరం (కేంద్రకం నుంచి రెండో ఎలక్ట్రాన్ అంతస్తు) నుంచి రావాలి, దానికొక్కదానికే 422 కావాలి. అందువల్ల ఆర్గాన్ 9+ దగ్గర మొత్తం ఒక్కసారిగా 1000 ఎలక్ట్రాన్ వోల్టులకు చేరుతుంది. అన్ని ఎలక్ట్రాన్లూ పోయిన ఆర్గాన్ 18+ అయితే 14.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఒక్కో ఎలక్ట్రాన్ వెలువడడానికి సుమారు 100 ఎలక్ట్రాన్ వోల్టుల స్థితిజ శక్తి ఖర్చవుతుందన్నది ఈ రంగంలో వాడే మోటు లెక్క. దాని ప్రకారం ఆర్గాన్ 8+ ఒక్కటే అయిదారు ఎలక్ట్రాన్లను స్థితిజ శక్తితోనే బయటికి లాగగలదు. 80 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర దాని వేగం సెకనుకు 6.2 లక్షల మీటర్లు, అంటే గతిజ ఆరంభాన్ని ఎప్పుడో దాటిన వేగం. మామూలు అల్యూమినియం మీద ఎప్పుడూ ఉండే ఆక్సైడ్ పొర గతిజ ఉద్గారాన్ని ఇంకా పెంచుతుంది. ఈ రెండూ కలిస్తే తొమ్మిది అన్నది వింత అంకె కాదు.

లోపలికి వెళ్లి చూస్తే ఇది ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. అయాన్ అల్యూమినియం తలానికి దాదాపు 1.3 నానోమీటర్ల దూరంలోకి రాగానే, లోహానికీ అయాన్‌కూ మధ్యనున్న శక్తి అడ్డుగోడ లోహపు ఎలక్ట్రాన్ల స్థాయికి దిగిపోతుంది. అప్పటి నుంచి ఎలక్ట్రాన్లు అడ్డు లేకుండా అయాన్‌లోకి ప్రవహిస్తాయి. 1991లో బర్గ్‌డోర్ఫర్, లెర్నర్, మేయర్ ప్రతిపాదించిన నమూనా చెప్పేది ఇదే. వచ్చిన ఎలక్ట్రాన్లు కింది అంతస్తుల్లో దిగవు. 8+ విషయంలో పదో స్థాయి పరిసరాల్లో చేరతాయి. పై స్థాయిలన్నీ నిండి, లోపలి స్థాయిలు ఖాళీగా ఉన్న ఈ వింత స్థితికే బోలు పరమాణువు అని పేరు. దాని జాడను 1990లో ఫ్రాన్స్‌కు చెందిన బ్రియాండ్ బృందం వెండి మీద పడ్డ ఆర్గాన్ 17+ అయాన్లు వెలువరించిన ఎక్స్ కిరణాల్లో చూపించింది.

మా అయాన్‌కు ఆ 1.3 నానోమీటర్లు దాటడానికి పట్టే కాలం రెండు ఫెమ్టోసెకన్లు (ఒక ఫెమ్టోసెకను అంటే 10⁻¹⁵ సెకను). ఒక్కో ఓజే ప్రక్రియతో మెట్టుమెట్టుగా కిందికి దిగి లోపలి ఖాళీలన్నీ నింపుకోవడానికి అది చాలదు. కాబట్టి కొన్ని ఎలక్ట్రాన్లు తలం ముందరే వెలువడతాయి, కొన్ని తలాన్ని తాకే క్షణంలో లోహపు ఎలక్ట్రాన్ మేఘం కప్పేసినప్పుడు పై స్థాయిల నుంచి ఊడిపోతాయి, మిగిలిన కథ తలం కింద పూర్తవుతుంది. ఈ వరుసలో బయటికి వచ్చే ఎలక్ట్రాన్లలో చాలావాటి శక్తి 20, 30 ఎలక్ట్రాన్ వోల్టుల లోపే. ఎల్ కర్పరంలో ఖాళీ ఉన్న ఆర్గాన్ 9+ మాత్రం వీటితోపాటు 210 ఎలక్ట్రాన్ వోల్టుల చుట్టూ కొన్ని వేగవంతమైన ఎలక్ట్రాన్లను కూడా వదులుతుంది. సప్రెసర్ గురించి ఆలోచించేటప్పుడు ఈ అంకె కీలకం, మళ్లీ వస్తాను.

ఆవేశం పెరిగేకొద్దీ ఈ సంఖ్య ఎంత దూరం పోతుందో తెలియాలంటే 1990ల తొలినాళ్ల కొలతలు చూడాలి: డెబ్భైకి మించిన ఆవేశమున్న ఒకే ఒక్క థోరియం అయాన్ శుభ్రమైన బంగారం నుంచి రెండు వందలకు పైగా ఎలక్ట్రాన్లను లేపింది. వాటి ముందు మా తొమ్మిది ఏపాటిది?

రెండు దారుల్ని విడదీయడం

సిద్ధాంతం సరిపోయింది కదా అని ఊరుకోలేదు. తొమ్మిదిలో గతిజం ఎంత, స్థితిజం ఎంత అన్నది తేలితే తప్ప వేరే శక్తి దగ్గర, వేరే ఆవేశం దగ్గర ఏం చేయాలో తెలియదు. తరువాతి విడతలో బంగారు పూత వేసిన రాగి పలకను ముందు పెట్టుకున్నాం. బంగారానికి ఆక్సైడ్ బెడద లేదు. పద్ధతి తేలికైనదే: ఆవేశం మారినా మొత్తం శక్తి మారకుండా వోల్టేజీ సర్దడం. ఆర్గాన్ 4+ను 6 కిలోవోల్టులతో, 8+ను 3 కిలోవోల్టులతో పంపితే రెంటి శక్తీ 24 కిలో ఎలక్ట్రాన్ వోల్టులే, వేగమూ సెకనుకు 3.4 లక్షల మీటర్లే. 9+కు 2.67 కిలోవోల్టులు చాలు. వేగం ఒకటే కనుక గతిజ వాటా ఇంచుమించు ఒకటే ఉంటుంది, తేడా అంతా స్థితిజ శక్తి నుంచే రావాలి. ఇంత తక్కువ వోల్టేజీ దగ్గర పుంజం బలహీనపడుతుంది, ఊగుతుంది కూడా. కానీ మనకు కావాల్సింది సప్రెసర్ ఉన్నప్పటి, లేనప్పటి విద్యుత్తుల నిష్పత్తి మాత్రమే కాబట్టి, రెండు రీడింగులనూ వెంటవెంటనే మార్చి మార్చి తీస్తే ఆ ఊగిసలాట పెద్దగా అడ్డురాదు.

నాలుగు ఆవేశాల దగ్గర ఒక్కో అయాన్‌కు రెండు ఎలక్ట్రాన్ల చుట్టూ, ఎనిమిది దగ్గర ఆరు చుట్టూ, తొమ్మిది దగ్గర ఎనిమిదికి అటూఇటూ వచ్చింది. నాకు ఇందులో ముఖ్యంగా కనిపించింది ఎనిమిది నుంచి తొమ్మిదికి జరిగిన దూకుడు. ఆవేశం ఒక్కటే పెరిగింది, ఎలక్ట్రాన్లు మాత్రం రెండు పెరిగాయి. గతిజ ఉద్గారానికి ఎల్ కర్పరం తెరుచుకుందన్న సంగతి పట్టదు. స్థితిజ శక్తికే ఆ మెట్టు ఉంటుంది. అయితే స్థితిజ శక్తి 578 నుంచి 1000కు పెరిగినంతగా ఎలక్ట్రాన్లు పెరగలేదు. లోపలి ఖాళీ చాలావరకు తలం కిందే నిండుతుంది, ఆ శక్తిలో పెద్ద భాగాన్ని ఒక్క వేగవంతమైన ఎలక్ట్రాన్ ఎత్తుకుపోతుంది కాబట్టి అలా జరగడం సబబే. మోటు లెక్కను మోటు లెక్కగానే వాడాలనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇదే సమయంలో ఇంకో సంగతి బయటపడింది. బంగారు పలక మీద పుంజం పడడం మొదలైన తొలి అరగంటలో నిష్పత్తి నిలకడగా ఉండదు, నెమ్మదిగా దిగుతూ వస్తుంది. 10⁻⁷ టార్ అంతటి పలచని పీడనం దగ్గర కూడా, తలాన్ని తాకిన అణువులన్నీ అంటుకుంటాయనుకుంటే, పది సెకన్లలో ఒక పూర్తి వాయుపొర పేరుకుంటుంది. పుంజం దాన్ని చెక్కేస్తూ ఉంటుంది, వాయువు మళ్లీ పూస్తూ ఉంటుంది. ఈ రెండూ ఒక సమతుల్యానికి వచ్చేదాకా రీడింగు కదులుతూనే ఉంటుంది. తిరుపతిలో నవంబరు నెల ఈశాన్య రుతుపవనపు వానల్లో గదిని తెరిచి, అలాగే మూసి తీసుకువెళ్లిన విడతలో ఈ దిగుదల మరీ ఎక్కువసేపు సాగింది. ఇప్పుడు గదిని పొడి నైట్రోజన్‌తో నింపే తెరుస్తాం, బయలుదేరే ముందు వేడిచేసి ఆరబెడతాం.

పళ్లేన్ని మార్చిన తీరు

మొదటి మార్పు చవకైనది. పళ్లెం ముందు ఒక వలయం పెట్టి, తొమ్మిది వోల్టుల బ్యాటరీలు పది వరుసగా కలిపి దానికి మైనస్ 90 వోల్టులు ఇచ్చాం. తేడా చాలావరకు పోయింది, పూర్తిగా పోలేదు; తరువాతి బ్యాక్ స్కాటరింగ్ పరీక్షలో ఇంకా పది శాతం లోటు కనిపించింది. వలయానికి మైనస్ 90 ఇచ్చామంటే వలయం నడిమధ్యన కూడా మైనస్ 90 ఉన్నట్టు కాదు. పుంజం పోవడానికి వీలుగా వలయం వెడల్పు ఎక్కువగా, మందం తక్కువగా ఉంది. అలాంటప్పుడు నడిమధ్య పొటెన్షియల్ ఇచ్చిన దానిలో మూడో వంతుకు పడిపోతుంది. మైనస్ 30 దగ్గర నెమ్మదైన ఎలక్ట్రాన్లు తిరిగొస్తాయి, అంతకంటే వేగమున్నవి దూసుకుపోతాయి.

కాబట్టి పొట్టి వలయానికి బదులు పొడవాటి గొట్టం కావాలి. రేణిగుంట రోడ్డులోని లేత్ షాపులో స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం, దాని వెనక లోతైన కప్పు లాంటి పళ్లెం చేయించాం. చిన్న బిళ్లకు ఇంత లోతైన కప్పు ఎందుకో మేస్త్రీకి అంతుపట్టలేదు. "గ్లాసు మాదిరి చేయమంటా ఉండారు, అడుగున రూపాయంత బిళ్ల పెడతామంటా ఉండారు, మధ్యలో అంతా వట్టిదే గదా సార్!" అన్నాడు. వట్టిదే కావాలి. బిళ్ల లోతున ఉంటే అక్కడి నుంచి అన్ని దిక్కులకూ లేచే ఎలక్ట్రాన్లలో చాలావరకు కప్పు గోడలకే తగిలి లెక్కలో మిగులుతాయి. నోటి గుండా తప్పించుకోగలిగేవి కొద్దిపాటివి, వాటిని గొట్టం తిప్పికొడుతుంది.

పాత పళ్లెంలో విద్యుత్తు దాటకుండా ఆపడానికి హైలం (రెజిన్ పట్టించిన పొరల పలక) వాషర్లు ఉన్నాయి. వానాకాలం తేమను పీల్చుకున్న హైలం వాక్యూమ్‌లో గంటల తరబడి నీటి ఆవిరిని వదులుతుంది, పైగా వోల్టేజీ పెంచితే విద్యుత్తును కారనిస్తుంది. పుంజం లేకుండా గొట్టానికి మైనస్ 300 ఇచ్చి చూస్తే ఎలక్ట్రోమీటరు సున్నా దగ్గర నిలవలేదు. వాటి స్థానంలో అల్యూమినా సిరామిక్ పూసలు వేశాక నిలిచింది. తిరుపతిలోనే బల్ల మీద చేసుకోగలిగిన ఈ పరీక్షను పుంజ సమయం మొదలయ్యేదాకా వాయిదా వేయడంలో అర్థం లేదు.

సప్రెసర్ పని చేస్తోందనడానికి దాన్ని బిగించి ఉండడం రుజువు కాదు. వోల్టేజీని సున్నా నుంచి మెల్లగా పెంచుతూ చూపే విద్యుత్తును గీయాలి. మా కొత్త పళ్లెంలో ఆర్గాన్ 8+తో ఈ గీత తొలి కొన్ని పదుల వోల్టుల్లోనే నిట్టనిలువుగా పడి, మైనస్ 120 దాటాక బల్లపరుపుగా సాగింది. 9+తో మాత్రం ఆ బల్లపరుపు మీద సన్నని వాలు మిగిలి మైనస్ 250 దాకా కొనసాగింది. 210 ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్లు తమ ఉనికిని చెప్పుకునేది అక్కడే. అందుకే పని వోల్టేజీ మైనస్ 300 దగ్గర పెట్టాం. ఇంకా పెంచితే ఇంకా మంచిదనుకోరాదు. పుంజం అంచు గొట్టాన్ని తాకితే అక్కడ లేచే ఎలక్ట్రాన్లు కప్పులోకే పరిగెత్తి రీడింగును తగ్గిస్తాయి, అప్పుడు మోతాదు ఎక్కువ పడిపోతుంది. గొట్టానికి ముందు దానికంటే చిన్న రంధ్రమున్న, భూమికి కలిపిన పలకను నిలబెట్టడం అందుకే.

పళ్లేనికే ధన వోల్టేజీ ఇస్తే పోయే ఎలక్ట్రాన్లు తిరిగి రావా అని విద్యార్థిని అడిగింది. వస్తాయి. వంద వోల్టులిచ్చినా 8+ అయాన్ కోల్పోయేది 80 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల్లో 0.8 మాత్రమే కాబట్టి శక్తిపరంగా ఇబ్బందీ లేదు. కానీ ముందరి పలక అంచు మీద లేచే పరాయి ఎలక్ట్రాన్లను కూడా అది రమ్మని పిలుస్తుంది. గొట్టం లేని చోట తాత్కాలికంగా వాడుకోవచ్చు, మోతాదు ప్రాణమైన పనికి నేను వాడను.

కొత్త పళ్లెంతో నింపిన అల్యూమినియం బిళ్లల్లో విద్యుత్తు చెప్పిన ఆర్గాన్‌కూ, బ్యాక్ స్కాటరింగ్ చెప్పిన ఆర్గాన్‌కూ తేడా అయిదు శాతం లోపుకు వచ్చింది; ఆ పరీక్షకున్న అనిశ్చితిలోనే అది ఇమిడిపోతుంది. పాత బిళ్లలను పారేయలేదు. వాటిపై రాసి ఉన్న మోతాదును కొట్టివేసి, బ్యాక్ స్కాటరింగ్ ఇచ్చిన అంకె రాసి, తక్కువ మోతాదు నమూనాలుగా అదే వరుసలో చేర్చాం. పుంజ సమయపు చిట్టాలో ఇప్పుడు ప్రతి బిళ్లకూ అయాన్ ఆవేశం, వేగవర్ధక వోల్టేజీ, సప్రెసర్ ఉన్నప్పటి, లేనప్పటి విద్యుత్తులు, గది పీడనం రాయాలి. ఏ రోజున గీసిన సప్రెసర్ గీత వర్తిస్తుందో కూడా పక్కనే రాయాలి. తలం మారినా, ఆవేశం మారినా ఆ గీతను మళ్లీ గీయాల్సిందే.